టమాటా వడలు తెగులుకు సలహా ఎక్కడ అడగాలి

కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం దగ్గర మీ నాన్నగారి టమాటా మొక్కలు పచ్చగా ఉండగానే వడలిపోతున్నాయని, ఆయన మందుల దుకాణదారు మాటే వింటున్నారని, బెంగళూరులో ఉన్న మీరేం చేయగలరని అడిగారు. వడలిన మొక్క కాండం కోసి, ఆ ముక్కను గాజుగ్లాసులోని తేట నీటిలో నిలబెట్టి చూడమనండి. పాలలాంటి ద్రవం సన్నని ధారగా దిగితే అది బాక్టీరియా వడలు తెగులు, ఆ మొక్కలను పిచికారీలతో బతికించలేము (అమ్మేవారు ఆ మాట చెప్పకపోవచ్చు). హోబళిలో (తాలూకాలోని కొన్ని ఊళ్ల విభాగం) వ్యవసాయ శాఖ నడిపే రైతు సంపర్క కేంద్రం దగ్గరే ఉన్నా, టమాటా ఉద్యాన పంట కనుక తాలూకా ఉద్యాన శాఖ కార్యాలయానికో, కోలారులోని కృషి విజ్ఞాన కేంద్రానికో వేర్లతో సహా పీకిన మొక్కను తీసుకువెళ్లడమే మేలని నా అభిప్రాయం. మీరు మాత్రం బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో, ఈ తెగులును తట్టుకునే అర్క రక్షక్ విత్తనం గురించి వచ్చే పంటకు ముందే విచారించండి.