గుమ్మం సంగతి ముందు చెప్పు

అమ్మాయీ,

అమెరికాకు వలస వెళ్లిన ఈజిప్షియన్లనూ, కరేబియన్ దీవి జమైకా నుంచి వెళ్లినవాళ్లనూ పోల్చి రాసిన నీ వ్యాసం అందింది. ఇరవై రెండు పేజీలు. రెండుసార్లు చదివాను. మొదటిసారి మధ్యాహ్నం భోజనమయ్యాక, రెండోసారి కోపం చల్లారాక.

కోపం ఎందుకో చెబుతాను. నాలుగో పేజీలో ఇలా రాశావు: "ఈజిప్షియన్లది వేల ఏళ్ల నాగరికత, వాళ్లకు చదువంటే ప్రాణం. జమైకన్లు పాటలూ పండుగలూ ఇష్టపడే మనుషులు, రేపటి గురించి అంతగా ఆలోచించరు." దాని కిందే ఒక పట్టిక. అమెరికాలో స్థిరపడిన ఈజిప్షియన్ పెద్దవాళ్లలో సగానికి పైగా డిగ్రీ చదివినవాళ్లు, జమైకన్లలో అలాంటివాళ్లు మూడో వంతు కూడా లేరు. పట్టిక తప్పని అనను. కానీ ఆ పట్టిక నుంచి ఆ వాక్యానికి రావడానికి పిరమిడ్ల దాకా వెళ్లి తిరిగొచ్చావు. పిరమిడ్ కట్టినవాడి మునిమనవడు కాబట్టి న్యూజెర్సీలో ఫార్మసిస్టు అయ్యాడా? అదే నిజమైతే ఈజిప్టులో ఉన్న పది కోట్ల మందీ డిగ్రీలు పట్టుకుని తిరుగుతుండాలి. తిరగడం లేదు.

'సంస్కృతి' అన్న మాట పదకొండు చోట్ల వాడావు. పెన్సిల్‌తో గుర్తు పెట్టి మరీ లెక్కపెట్టాను. ఈ మాటతో నాకు నలభై ఏళ్ల వైరం ఉంది. వలసల గురించి రాసేవాడు ఇక వెతకడం మానేసి కుర్చీలో వెనక్కి వాలిన చోటే ఈ మాట పడుతుంది. ఒక సమూహం బాగుపడిందా, సంస్కృతి. చితికిపోయిందా, అదీ సంస్కృతే. రెండింటికీ చెల్లే నోటు అసలు నోటు కాదు.

ఇంటి వైభవం వర్ణించే ముందు గుమ్మం సంగతి చెప్పు. ఎవరిని రానిచ్చారు, ఎవరిని బయట నిలబెట్టారు, ఎవరు అసలు ఆ గుమ్మం దాకా రాగలిగారు?

ఒక చిన్న లెక్క చెయ్యి. జమైకా జనాభా సుమారు 28 లక్షలు. జమైకాలో పుట్టి ఇప్పుడు అమెరికాలో ఉన్నవాళ్లు దాదాపు 8 లక్షలు. అంటే జమైకాలో ముగ్గురు నలుగురు ఉంటే అమెరికాలో ఒకరున్నారు. ఈజిప్టు జనాభా 10 కోట్లు దాటింది, అక్కడ పుట్టి అమెరికాలో ఉన్నవాళ్లు సుమారు 2 లక్షలు. అయిదు వందల మందికి ఒకరు. ముగ్గురు నలుగురికి ఒకరు కదిలారంటే ఊరు ఊరంతా కదిలినట్టు: నర్సు, ఆమె తమ్ముడు, తమ్ముడి పెళ్లాం, వెనకాలే అమ్మ. అయిదు వందల మందిలో ఒకరు కదిలారంటే ఊళ్లో మొదటి ర్యాంకు వచ్చినవాడు కదిలినట్టు. నువ్వు ఒక ఊరిని తీసుకొచ్చి ఒక ర్యాంకు విద్యార్థి పక్కన నిలబెట్టి, ఎవరు బాగా చదివారని అడుగుతున్నావు.

ఇది అనుకోకుండా జరిగింది కాదు. 1924 వలసల చట్టం కింద ఈజిప్టుకు అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. జమైకా అప్పుడు బ్రిటిష్ వలస కాబట్టి అక్కడివాళ్లు బ్రిటన్ కోటాలో వచ్చేవాళ్లు, ఆ కోటా ఎలాగూ నిండేది కాదు. 1952లో కొత్త చట్టం జమైకా వాటానూ ఏడాదికి వందకు కుదించింది. దాంతో లండన్ వైపు వెళ్లేవాళ్లు పెరిగారు. 1962లో బ్రిటన్ తలుపు దగ్గరికి వేసింది, 1965లో అమెరికా మళ్లీ తీసింది. ఆ 1965 చట్టం చేతి సంచిలో డిగ్రీ ఉన్నవాడికీ, అక్కడ ఇప్పటికే బంధువున్నవాడికీ దారి ఇచ్చింది. న్యూయార్క్‌లో ముందునుంచీ బంధువులున్నది జమైకన్లకు. ఈజిప్షియన్లకు అప్పటికి అక్కడ ఎవరున్నారు? డిగ్రీయే ఉంది.

ఆ డిగ్రీ ఎలా వచ్చిందో కూడా నీ వ్యాసంలో లేదు. అధ్యక్షుడు నాసర్ కాలంలో విశ్వవిద్యాలయం చదువు ఉచితం చేశారు, పట్టా పుచ్చుకున్న ప్రతివాడికీ ప్రభుత్వ ఉద్యోగం ఇస్తామన్నారు. పట్టాలు పెరిగాయి, ఉద్యోగాల వరుస ఏళ్ల పొడవున సాగింది. 1961లో వ్యాపారాలు జాతీయం చేశారు, 1967లో యుద్ధం ఓడిపోయారు. వ్యాపారం పోయిన కుటుంబాలు, ఉద్యోగం రాని పట్టభద్రులు, మైనారిటీగా బతుకుతున్న కాప్టిక్ క్రైస్తవులు బయటి వైపు చూశారు. ఈజిప్టులో పదిమందిలో ఒకరుండే కాప్టులు అమెరికాకు వచ్చిన ఈజిప్షియన్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. నువ్వుండే జెర్సీ సిటీలోనే వాళ్ల చర్చి ఉంది. వ్యాసంలో కాప్టు అన్న మాటే లేదు! నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్నదాన్ని వదిలేసి, నాలుగు వేల ఏళ్ల కిందటి ఫారోలను పిలుచుకొచ్చావు.

ఇక లాటరీ వీసా, అంటే దరఖాస్తు పెట్టినవాళ్లలోంచి చీటీ తీసి అమెరికా ఇచ్చే వీసా. 1995 నుంచి ఈజిప్షియన్లు ఆ దారిన కూడా వచ్చారు. దానికి కనీసం హైస్కూలు చదువో, శిక్షణ అవసరమైన పనిలో రెండేళ్ల అనుభవమో ఉండాలన్నారు. జమైకాకు ఆ లాటరీ లేదు, ఇప్పటికే ఎక్కువమంది వస్తున్నారని. ఇండియాకూ అందుకే లేదు, ఆ సంగతి నీకు నేను చెప్పాలా.

ఇదంతా నాకు పుస్తకాల్లో తెలియలేదు. చేసిన తప్పు వల్ల తెలిసింది.

2001లో ఒక వారపత్రికకు వ్యాసం రాశాను. జగిత్యాల దగ్గర ఒక ఇల్లు. అన్న పదో తరగతి తప్పి 1988లో దుబాయి వెళ్లాడు, తాపీ పని. అతని పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ తనిఖీ ముద్ర ఉండేది, తక్కువ చదువున్నవాళ్లకు వేసేవాళ్లే, అది. తమ్ముడు ఇంజనీరింగ్ చదివి 1999లో అమెరికా వెళ్లాడు, కంప్యూటర్ ఉద్యోగం. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే అన్నం. నేను ఇద్దరి జీతాలూ, ఇద్దరు పంపిన డబ్బూ, కట్టిన గదులూ పక్కపక్కన పెట్టి, చాలా తెలివైన వ్యాసం రాశానని మురిసిపోయాను. సంపాదకుడు దాన్ని సగానికి కోసి, చివర ఒక గళ్ల పెట్టె పెట్టి, "మనం నేర్చుకోవలసినది" అని శీర్షిక తగిలించి, కష్టపడి చదివితే తమ్ముడిలా పైకి రావచ్చని రాయించాడు. పేరు నాది.

మరుసటి ఏడు అన్న సెలవు మీద వచ్చాడు. నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆ పేజీ మడత విప్పి బల్ల మీద పెట్టాడు. ఎన్నిసార్లు మడిచాడో, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. కోప్పడలేదు. "నేను కష్టపడలేదని రాశారా సార్?" అని అడిగాడు. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు నాలుగేళ్లూ కట్టింది అతనే. ఆ సంగతి నాకు ముందే తెలుసు, తల్లి చెప్పింది. వ్యాసానికి అడ్డం వస్తుందని వదిలేశాను. సంపాదకుడిని ఇరవై ఏళ్లుగా తిడుతూనే ఉన్నాను గానీ, ఫీజు మాట వదిలేసింది అతను కాదు.

ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది. గళ్ల పెట్టెలు మాత్రం బతికే ఉన్నాయి. ఇప్పుడు వాటికి రంగులద్ది 'విజయగాథ' అంటున్నారు. నీ చివరి పేజీలో కూడా ఒకటి ఉంది, "తెలుగువారికి పాఠాలు" అని. దాన్ని తీసెయ్. ఎందుకని అడగకు.

పన్నెండో పేజీ గురించి. కుటుంబ ఆదాయంలో ఈజిప్షియన్లు ముందున్నారన్నావు, నిజమే. కానీ కుటుంబం అంటే ఎన్ని జీతాలు? జమైకన్ స్త్రీలు అమెరికాలో ఉద్యోగం చేసే నిష్పత్తి చాలా ఎక్కువ, ఈజిప్షియన్ స్త్రీలలో అది తక్కువ. ఒక ఇంట్లో తల్లి పగటి పని, కూతురు రాత్రి డ్యూటీ, కొడుకు బస్సు డ్రైవరు, ముగ్గురూ కలిసి తెచ్చే మొత్తం ఒకటి. ఇంకో ఇంట్లో ఒక్క ఇంజనీరు తెచ్చే మొత్తం ఇంకొకటి. పట్టికలో రెండూ ఒకే రకం అంకెలుగా కూర్చుంటాయి. పైగా ఈజిప్షియన్లలో పేదరికం లేనట్టే రాశావు. కొత్తగా వచ్చినవాళ్లలో బోలెడు ఉంది. కైరోలో డాక్టరు చదివినవాడు అమెరికా పరీక్షలు దాటేదాకా టాక్సీ నడపడం, బండి మీద చికెనూ అన్నమూ అమ్మడం కొత్త సంగతులు కావు. న్యూయార్క్ వీధుల్లో హలాల్ బండ్ల వ్యాపారాన్ని నిలబెట్టినవాళ్లలో ఈజిప్షియన్లు ముందుంటారు. ఆ పొగ వాసన నీ పేజీల్లో ఎక్కడా రాలేదు.

రంగు సంగతి రెండు వాక్యాల్లో తేల్చేశావు, అదీ చివర్లో. 1977 నాటి వర్గీకరణ ప్రకారం అమెరికా ప్రభుత్వ లెక్కల్లో ఈజిప్షియన్ 'తెల్లవాడు'. 1997లో డెట్రాయిట్‌లో ఒక నూబియన్ ఈజిప్షియన్, అంటే ఈజిప్టు దక్షిణాది నల్లవాడు, నేను నల్లవాణ్ణి మహాప్రభో అంటూ ఆ ప్రభుత్వం మీదే దావా వేయాల్సి వచ్చింది. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు వేరే గడి ఇవ్వాలని 2024లో గానీ నిర్ణయించలేదు. కాగితం మీద తెల్లవాడైన ఈ ఈజిప్షియన్‌నే 2001 దాడుల తరవాత ప్రభుత్వం పిలిచి, పదహారేళ్లు దాటిన మగవాళ్లంతా వేలిముద్రలు వేసి పేర్లు నమోదు చేసుకోమంది. పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ తప్ప. జమైకన్‌కు కాగితంతో పనిలేదు, ఇల్లు అద్దెకిచ్చేవాడు మొహం చూసే లెక్క రాసుకుంటాడు. ఇవి రెండూ ఒక రకం దెబ్బలు కావు. ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం ఇవ్వాలి.

జమైకన్లను వాళ్లతో వాళ్లనే పోల్చి చూశావా? అక్క 1956లో లండన్, చెల్లెలు 1970లో న్యూయార్క్. వండుకునేది ఒకటే, పాడుకునే కీర్తనలు ఒకటే, అమ్మ తిట్లూ ఒకటే. బతుకులు మాత్రం రెండు దారులు పట్టాయి. చిన్నప్పుడే చట్టబద్ధంగా లండన్ చేరి అక్కడే ముసలివాళ్లయిన కరేబియన్లకు, కాగితాలు లేవన్న సాకుతో ఉద్యోగాలు ఊడాయి, కొందరిని ఓడ ఎక్కిన దేశానికే తిప్పి పంపారు. 2018లో ఆ గొడవ బయటపడ్డాక (వాళ్లను తెచ్చిన ఒక ఓడ పేరు మీద దాన్ని విండ్‌రష్ గొడవ అంటారు) ప్రధానమంత్రి క్షమాపణ చెప్పుకున్నారు. యాభై ఏళ్ల కింద దాటిన గుమ్మం కూడా వెనక్కి లాగుతుంది, చూశావా. ఇందులో సంస్కృతిని ఎక్కడ పెడతావో నాకు రాసి పంపు.

రేపటి గురించి ఆలోచించరన్నావు కదా, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. జమైకన్లు 'పార్డ్‌నర్' అని ఒకటి వేస్తారు. పదిమంది వారం వారం తలా ఇంత వేస్తారు, నమ్మకస్తురాలు ఒకావిడ దాస్తుంది, వంతు వచ్చినవాళ్లు మొత్తం ఎత్తుకుంటారు. పాట లేని చీటీ, అంతే. లండన్లో బ్యాంకులు అప్పివ్వని రోజుల్లో వాళ్లు ఇళ్లకు అడ్వాన్సులు కట్టుకున్నది దీంతోనే. ఈజిప్షియన్లు దీన్నే 'గమియ్యా' అంటారు, పద్ధతి అచ్చంగా అదే. నీ రెండు జాతులూ ఒకే చీటీ కడుతున్నాయమ్మా! మా ఆవిడ పాతికేళ్లు నడిపింది కాబట్టి చెబుతున్నాను, రేపటి గురించి ఆలోచించనివాళ్లు చీటీలో రెండో నెల కూడా నిలవరు.

బాగున్నది ఒకటుంది. పదిహేడో పేజీ. మీ అత్తగారిని చూసుకోవడానికి వచ్చే జమైకా ఆవిడ, వాకిట్లో బూట్లు విప్పి వేరే చెప్పులు వేసుకోవడం, సంచిలోంచి రెండు ఫోన్లు తీసి, ఒకటి కిటికీ అంచున నిలబెట్టడం. దాంట్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో అమ్మమ్మ దగ్గర ఉన్న ఆవిడ కొడుకు లెక్కలు చేస్తుంటాడు, ఈవిడ ఇక్కడ మీ అత్తగారికి అన్నం తినిపిస్తూ అక్కడ తప్పులు దిద్దుతుంటుంది. నాలుగు వాక్యాలు. అక్కడ ఆగిపోయి లేచి మంచినీళ్లు తాగొచ్చాను. మా జగిత్యాల వైపు గల్ఫ్ పిల్లలు అమ్మమ్మల దగ్గర ఇలాగే పెరిగారు, ఫోన్లు లేని రోజుల్లో, క్యాసెట్లలో మాటలు నింపి పంపిస్తే వింటూ. జమైకాలో అలాంటి పిల్లలను బ్యారెల్ పిల్లలంటారు. అమెరికా నుంచి బట్టలూ బియ్యమూ సబ్బులూ కుక్కి పంపే పీపాల మీద పెరిగినవాళ్లు కాబట్టి. ఆ నాలుగు వాక్యాలు రాసిన చేయీ, నాలుగో పేజీ రాసిన చేయీ ఒకటే అంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆ నాలుగు వాక్యాలతో మొదలుపెట్టు. ముందు ఆవిడను అడుగు. ఏ సంవత్సరం వచ్చింది, ఏ వీసా, ఎవరు పిలిపించారు, వచ్చే ముందు అక్కడ ఏం పని చేసేది. టీచరయినా ఆశ్చర్యపోకు. జమైకాలో పై చదువులు చదివినవాళ్లలో చాలా ఎక్కువమంది దేశం బయటే ఉన్నారు. నీ పట్టికలో 'సహాయకురాలు' అన్న వరుసలో ఎందరు టీచర్లు కూర్చున్నారో అప్పుడు తెలుస్తుంది. తరవాత ఆవిడ ఎంత తెస్తుందో, అందులో ఎంత పంపిస్తుందో అడగవచ్చు, చెబితే. చెప్పకపోతే బలవంతం చేయకు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఇంగ్లీషులో రాస్తే ఎక్కువమంది చదువుతారా అని కూడా అడిగావు. ఇంకేదో అడిగినట్టున్నావు, ఆ కాగితం ఎక్కడో పెట్టి మరిచిపోయాను.

పట్టికలు ఉంచుకో, చించేయకు. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి పంపు, ఎడమ కంటికి ఆపరేషన్ అయ్యి ఇంకా మూడు వారాలే అయింది. మీ అత్తగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు