రేడియో యాడ్స్ అమ్మే ఉద్యోగంలో అమ్మాయిని చేర్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి రాజమహేంద్రవరంలో బీబీఏ పూర్తి చేసింది. ఇక్కడి ఎఫ్ఎం స్టేషన్‌లో సేల్స్ ఉద్యోగానికి పిలిచారు. రేడియో స్పాట్లతో, అంటే పాటల మధ్య వచ్చే చిన్న ప్రకటనలతో పాటు ఆన్‌లైన్ స్ట్రీమింగ్ యాడ్స్ కూడా అమ్మాలట. ఎండలో షాపుల చుట్టూ తిరగడం, నెలనెలా టార్గెట్ టెన్షన్. చేరమంటారా?

జవాబు: ఎండ, టార్గెట్ రెండూ ఉంటాయండీ, లేవని చెప్పలేను. అయినా పని నేర్పే స్టేషన్ అయితే తప్పకుండా చేరమనండి. ఊళ్లో వ్యాపారం ఎలా నడుస్తుందో ఇంత దగ్గరగా చూపించే ఉద్యోగాలు తక్కువ.

నా దగ్గర సలహాకు వచ్చిన ఒకమ్మాయి ఇదే పనిలో చేరింది. మొదటి నెలలో ఓ చీరల కొట్టు యజమాని ఆమెను ఒక్కటే అడిగాడు: "నీ యాడ్ విని ఎంతమంది వచ్చారమ్మా?" జవాబు లేదు. మర్నాడు యాడ్‌లో ఒక వాక్యం చేర్పించింది: రేడియోలో విన్నామని చెబితే జాకెట్టు గుడ్డ ఉచితం. క్యాష్ కౌంటర్ పక్కన ఒక నోటుబుక్కు పెట్టించి, అలా చెప్పినవాళ్లకు ఒక్కో గీత గీయించింది. నెలాఖరున ఆ గీతలే యజమాని ముందు పెట్టింది. రెండో ఆర్డరు అక్కడే వచ్చింది.

స్ట్రీమింగ్‌లో ఈ లెక్క వేరు. ఎఫ్ఎం స్పాట్‌ను పది సెకన్లకు ఇంత అని అమ్ముతారు. స్ట్రీమింగ్ యాడ్‌ను వెయ్యిసార్లు వినిపిస్తే ఇంత అని అమ్ముతారు, దాన్నే సీపీఎం అంటారు. ఉదాహరణకు సీపీఎం 100 రూపాయలైతే 10,000 రూపాయలకు లక్షసార్లు వినిపించాలి. కానీ ఎఫ్ఎం టవర్ అందినంత మేరే వినబడుతుంది. స్ట్రీమ్ హైదరాబాద్‌లోనూ, డాలస్‌లోనూ వినబడుతుంది. ఆ లక్షలో సగం డాలస్‌లో మోగితే తాడితోట బట్టల కొట్టుకు ఏం లాభం? ఊరివాళ్లకే వినిపించేలా లొకేషన్ పెట్టాలి, లేదా ఎఫ్ఎం స్పాటే అమ్మాలి. అదే ఆత్రేయపురం పూతరేకులు కొరియర్‌లో పంపే వ్యాపారికైతే దూరంగా ఉన్న తెలుగువాళ్లే అసలు గిరాకీ. ఏ కొట్టుకు ఏ శ్రోత కావాలో పోల్చుకోగలిగితే మీ అమ్మాయికి పని వచ్చినట్టే. చాలామంది స్ట్రీమింగ్‌ను స్పాట్లకు కొసరుగా ఇచ్చేస్తారు. ఆ అలవాటు మాత్రం చేసుకోవద్దని చెప్పండి, కొసరుకు తర్వాత ఎవరూ డబ్బివ్వరు.

చేరేముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇన్సెంటివ్ బిల్లు వేయగానే ఇస్తారా, డబ్బు వసూలయ్యాకా? పార్టీ డబ్బు ఎగ్గొడితే ఆ భారం ఎవరిది? పెట్రోలు ఖర్చు ఇస్తారా? ఇవి అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాతపూర్వకంగా ఉండాలి.

స్ట్రీమ్‌లో సినిమా పాటలు వేస్తుంటే వాటి హక్కులు తీసుకున్నారా అన్నదీ అడగమనండి. రేడియో ప్రసారానికి వర్తించే చట్టబద్ధ లైసెన్సు (హక్కుదారుల అనుమతి విడిగా అడగకుండా, నిర్ణయించిన రుసుము కట్టి పాటలు వేసుకునే వీలు) ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కు వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో చెప్పింది. 2022లో అదే కోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీల ధర్మాసనం) కూడా ఆ తీర్పునే సమర్థించింది. హక్కులు లేక పాటలు ఆగిపోతే, యాడ్ తీసుకున్న వ్యాపారి ముందుగా ఫోన్ చేసేది మీ అమ్మాయికే.

ఇంటర్వ్యూకి ముందు ఒక సాయంత్రం మీరిద్దరూ మెయిన్ రోడ్డులో నాలుగు కొట్లకు వెళ్లి, యాడ్స్‌కు ఏటా ఎంత పెడతారు, ఎక్కడ పెడతారని మాటల్లో పెట్టి అడగండి. ఆ మాటలు ఆమెకు విసుగనిపించకపోతే చేర్పించండి.