కార్డ్ కట్టెలంటే ఎంత?

అమెరికాలో ఫైర్‌ప్లేస్ ఉన్న ఇల్లు కొన్నవాళ్లకి మొదటి చలికాలంలోనే ఈ సందేహం వస్తుంది. అక్కడ కట్టెలు అమ్మే కొలత పేరే కార్డ్ (cord). దాన్ని తూకం వేయరు, టేపు పెట్టి కొలుస్తారు. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవున దగ్గర దగ్గరగా పేర్చితే 128 ఘనపుటడుగులు. సందులు పోగా అందులో అసలు చెక్క సుమారు 85 ఘనపుటడుగులే.

తిరకాసంతా ‘ఫేస్ కార్డ్’ దగ్గరుంది. ఎదురుగా నిలబడి చూస్తే అదే ఎత్తు, అదే పొడవు. కానీ కట్టె 16 అంగుళాలకి కోసిందైతే అది మూడో వంతు కార్డే. అలాంటి వరుసలు మూడుంటేనే పూర్తి కార్డ్. ‘ఒక ట్రక్కు లోడు’ అనే మాటని అసలు నమ్మకండి. వెనక ఎనిమిదడుగుల బెడ్ (సామాను వేసే తొట్టి) ఉన్న పికప్ ట్రక్కులో అంచుల దాకా చక్కగా పేర్చినా అర కార్డే పడుతుంది. విసిరి నింపితే ఇంకా తక్కువ. అందుకే దింపగానే పేర్పించి, కొలిచాకే డబ్బులివ్వండి. మొహమాటపడితే నష్టం మనకే.

బరువు చూసి కొనడం మరీ పొరపాటు, పచ్చి కట్టెలో సగానికి సగం నీళ్లే ఉండొచ్చు. పచ్చి ఓక్ ఒక కార్డ్ 5,000 పౌండ్లకి అటూ ఇటూ తూగుతుంది. ఎండాక చాలా తగ్గిపోతుంది, దొంతర మాత్రం దాదాపు అంతే కనిపిస్తుంది. ఒక కట్టెని అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద తేమ మీటర్ గుచ్చండి. 20 శాతం లోపు ఉంటేనే మంట బాగా అందుకుంటుంది, పొగ తక్కువ.

మరి బరువుతో పనెప్పుడంటారా? మోసేటప్పుడు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద మీ బండి ఎంత మోయగలదో రాసి ఉంటుంది. అర కార్డ్ పచ్చి ఓక్ చాలా పికప్‌లకి ఎక్కువే.

పెరట్లో చెట్టు పడిందనుకోండి. దుంగ చుట్టూ టేపు తిప్పితే 38 అంగుళాలు వచ్చిందంటే అడ్డంగా సుమారు అడుగు. ఎనిమిదడుగుల పొడవుంటే అందులో ఆరుంబావు ఘనపుటడుగుల చెక్క. పచ్చి రెడ్ ఓక్ ఘనపుటడుగు 63 పౌండ్ల దాకా ఉంటుంది కాబట్టి మొత్తం 400కి దగ్గర. స్నేహితుల్ని పిలిచి ఎత్తేద్దామనుకోకండి. 16 అంగుళాల ముక్కలు చేయిస్తే ఒక్కోటి 65 పౌండ్లు, దాన్నైనా ఇద్దరు పడితేనే నడుముకి మంచిది.