మూస సరిదిద్దినా వ్యాసంలో పాత సమాచారమే ఎందుకు కనిపిస్తోంది?

హైదరాబాదు మెట్రో మూసలో (ఒకచోట రాసి, చాలా వ్యాసాల్లో చూపించే భాగం) అమీర్‌పేటను రెడ్ లైనుతో పాటు బ్లూ లైనులోనూ చేర్చినా, తెలుగు వికీపీడియాలో ఆ స్టేషను వ్యాసం మారలేదని అడిగారు. మీ దిద్దుబాటు సరిగానే ఉంది, దయచేసి వెనక్కి తిప్పకండి. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరు మీడియావికీ ప్రతి పేజీనీ ఒకసారి తయారుచేసి, దాచుకున్న ఆ ప్రతినే అందరికీ చూపిస్తుంది. మూస మారినప్పుడు దాన్ని వాడిన పేజీలన్నీ పనుల వరుసలో చేరి, ఒక్కొక్కటిగా తాజా అవుతాయి. అంతవరకు ఆగలేకపోతే చిరునామా చివర ‘?action=purge’ అని చేర్చి తెరవండి. చాలామంది ఇది మూస పేజీకి చేసి ఊరుకుంటారు, చేయాల్సింది వ్యాసానికి. మూస ద్వారా వచ్చే వర్గాలు (ఒకే విషయపు వ్యాసాల జాబితాలు) మాత్రం దీనికి లొంగవు. అప్పుడు వ్యాసాన్ని సవరణకు తెరిచి, ఒక్క అక్షరమూ మార్చకుండా ప్రచురించండి. చరిత్రలో ఏమీ నమోదు కాదు, వర్గం జాబితా మాత్రం సరిగ్గా వస్తుంది.