వాగ్దానం కార్డూ, రొయ్యల చెరువూ: పండగలయ్యాక పాఠకుల ప్రశ్నలు

క్రిస్మస్ స్టార్లు కొన్ని ఇళ్ల మీద ఇంకా వేలాడుతూనే ఉన్నాయి, పందేల బరుల దగ్గర షామియానాలు విప్పేశారు, కాలవల కింద రెండో పంట దాళ్వా నాట్లు జోరుగా పడుతున్నాయి. ఈ నెల వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే బాధ చుట్టూ తిరుగుతున్నాయి. డిసెంబర్ 31 రాత్రి మందిరంలో ఏడ్చాం, పాడాం, తీర్మానాలు చేసుకున్నాం, తీరా జనవరిలోకి వచ్చాక అప్పులవాళ్లూ మారలేదు, అత్తగారూ మారలేదు, మనమూ మారలేదు, ఇప్పుడేం చెయ్యాలండీ అని. ఎవరి పేరూ వెయ్యడం లేదు. ఉత్తరాలు కొంచెం కుదించాను.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది నరసాపురం దగ్గర పల్లె. కొత్త సంవత్సరం ఆరాధనలో నాకు యిర్మీయా 29:11 వాగ్దానం కార్డు వచ్చింది, మీ మేలు కోసమే నా ఆలోచనలు అని దేవుడు చెప్పే వచనం. మావారు దాన్ని తన ఫోన్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నారు. మేం రెండెకరాల రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నాం. కిందటి పంటకి తెల్లమచ్చ జబ్బు వచ్చి మధ్యలోనే పట్టేశాం, మేత షాపు బాకీ అలాగే ఉంది. ఇప్పుడు నా గొలుసు, గాజులు తాకట్టు పెట్టి మళ్లీ సీడ్ (రొయ్య పిల్లలు) వేద్దామంటున్నారు. వద్దంటే, దేవుడు వాగ్దానం ఇచ్చాక కూడా నీకు విశ్వాసం లేదా అంటున్నారు. నాకు మాత్రం భయంగా ఉంది. ఈ భయం పాపమా?

జవాబు: అమ్మా, కాదు. ముందు కార్డు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో గొడవంతా దాని మీదే నడుస్తోంది.

ఆ వచనం ఒక ఉత్తరంలోది. యెరూషలేము నుంచి బబులోనుకి చెరగా పోయినవాళ్లకి యిర్మీయా రాసి పంపిన ఉత్తరం. మీ ఆయనా మీరూ కలిసి 29వ అధ్యాయం మొదటి నుంచీ ఒకసారి చదవండి, పది నిమిషాల పని. 11కి ముందు పదో వచనంలో 70 సంవత్సరాలు అని ఉంది, అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే పోయి ఉంటారు. ఇంకా పైకి వెళ్తే, 5 నుంచి 7 వరకు, దేవుడు వాళ్లకి చెప్పిన పనులున్నాయి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్లు తినండి, పిల్లలకి పెళ్లిళ్లు చెయ్యండి, మీరున్న ఆ పరాయి పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి. కార్డులు అచ్చు వేసేవాళ్లు ఇదంతా పట్టదని వదిలేస్తారు. వాళ్లని తప్పు పట్టను, అంత చిన్న అట్ట మీద ఎంత రాస్తారు! కానీ చెప్పిన పనులు వదిలేసి వాగ్దానం ఒక్కటే జేబులో పెట్టుకుంటే, మనకి ఇష్టమైన పనికి దేవుడి చేత సంతకం పెట్టించుకున్నట్టే.

పక్కనే 28వ అధ్యాయం కూడా చూడండి. హనన్యా అనే ఒకాయన, రెండేళ్లలో అంతా తిరిగొచ్చేస్తుందని మందిరంలో అందరి ముందూ చెప్పాడు, యిర్మీయా మెడ మీదున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. యిర్మీయా ఏమన్నాడో తెలుసా? ముందు ఆమేన్ అన్నాడు, దేవుడు అలాగే చెయ్యాలి అన్నాడు. ఆయనకీ అదే కావాలి, ఎవరికి మాత్రం వద్దు? కానీ దేవుడు చెప్పింది అది కాదు. మీ ఆయన్ని నేను హనన్యా అనడం లేదమ్మా, ఆయన అప్పుల టెన్షన్‌లో ఉన్నారు, నీళ్లలో పోయింది నీళ్లలోనే రాబట్టాలన్న పట్టుదల చెరువులు చేసే ఊళ్లలో కొత్త కాదు. అయితే ఆ పట్టుదలకి విశ్వాసం అని పేరు పెట్టి భార్య నోరు మూయించడం మాత్రం సరికాదు.

ఇక భయం. మొన్ననే కదా క్రిస్మస్ నాటకాల్లో పిల్లలకి తలపాగా చుట్టి యోసేపు వేషం వేశాం. నాలుగు సువార్తలూ తిరగేసినా ఆయన పలికిన మాట ఒక్కటి కూడా కనబడదు, లేచాడు, తీసుకుని వెళ్లాడు, ఇదే ఉంటుంది. అలాంటి మనిషి కూడా ఐగుప్తు నుంచి వస్తూ, యూదయలో హేరోదు కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడని విని అక్కడికి వెళ్లడానికి భయపడ్డాడని మత్తయి 2:22లో స్పష్టంగా ఉంది. దేవుడు ఆ భయానికి ఆయన్ని తిట్టలేదు, గలిలయ వైపు దారి చూపించాడు, నజరేతులో కాపురం పెట్టారు. ఉన్న ప్రమాదాన్ని చూసి భయపడటం అవిధేయత కాదు.

చెరువు విషయంలో నేను నిపుణుణ్ణి కాదు గానీ, చలి రోజుల్లో నీళ్లు చల్లబడి తెల్లమచ్చ బెడద ఎక్కువవుతుందని మీ వైపు రైతులందరికీ తెలిసిందే, మీ ఆయనకి ఇంకా బాగా తెలుసు. జబ్బు వచ్చిన చెరువుని బాగా ఎండగట్టకుండా, అడుగు బురద తీసి సున్నం వెయ్యకుండా, జబ్బు ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించని సీడ్ తెచ్చి పోసి, గట్టు మీద పాస్టర్ గారి చేత ప్రార్థన చేయిస్తే, ఆ ప్రార్థన వల్ల మిగతా పనులన్నీ మాఫీ అయిపోవు. (గట్టు ప్రార్థనలకి నేను వ్యతిరేకం కాదు. పరీక్ష రిపోర్టు వచ్చాక పెట్టుకోమంటున్నా.)

మీరు చెయ్యాల్సింది ఇది. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కూర్చుని మేత షాపు బాకీ, లీజు, కరెంటు, డీజిల్, చేబదుళ్లు అన్నీ ఒక కాగితం మీద రాయండి, మీ ఆయన ఇంతవరకు చెప్పని అప్పు ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది, అరవకండి. తర్వాత ఇద్దరూ కలిసి మేత షాపు ఆయన దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి, నెలకి ఇంత అని ఒప్పుకోండి. ఆయన తిట్టచ్చు, పడండి. బంగారం మీది. పాత బాకీ తీర్చడానికి మీ అంతట మీరు ఇస్తానంటే అది వేరు. కొత్త పంట మీద పెట్టడానికి మాత్రం ఈ సీజన్లో వద్దు అని చెప్పండి, నెమ్మదిగా, ఒకే మాటగా చెప్పండి.

భర్తకి లోబడమని వాక్యంలో లేదా అని మీ సంఘంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్లకి అపొస్తలుల కార్యములు 5 చూపించండి. అననీయ, సప్పీరా అనే భార్యాభర్తలిద్దరూ పొలం అమ్మిన డబ్బు గురించి కలిసి అబద్ధం ఆడారు. ఆవిడ తర్వాత విడిగా వచ్చినప్పుడు పేతురు ఆవిడని విడిగా అడిగాడు. మొగుడు చెప్పాడు కాబట్టి అన్నాను అన్న జవాబుకి అక్కడ చోటు లేదు.

ప్రశ్న: క్రిస్మస్ ఆరాధనలో మా మందిరం ప్రహరీగోడకి పాతికవేలు కృతజ్ఞతార్పణ ఇస్తానని అందరి ముందూ చెప్పానండి. తొలి పంట సార్వా ధాన్యం డబ్బులు పూర్తిగా చేతికి రాలేదు. దాళ్వా నాట్లు వేసిన ఆడవాళ్ల కూలీ కూడా వారం నుంచి ఆపాల్సి వచ్చింది. దేవుడికి చెప్పిన మాట ముందు తీర్చాలి కదా? — తణుకు వైపు రైతు

జవాబు: కూలీ ముందు. ఇది చదివిన రోజే ఇచ్చెయ్యండి. లేవీయకాండము 19:13 ప్రకారం కూలివాడి కూలీ తెల్లవారేదాకా మీ దగ్గర ఉండకూడదు. ద్వితీయోపదేశకాండము 24:15 ఇంకా గట్టిగా, పొద్దు గుంకక ముందే ఇమ్మంటుంది, అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అని కారణం కూడా చెబుతుంది. మీరు వారం అంటున్నారు! నడుం వంచి మీ చేలో నాట్లు వేసిన ఆ ఆడవాళ్లలో కొందరు మీ మందిరంలోనే చాప మీద కూర్చుని మీ పాతికవేల ప్రకటన విని ఆమేన్ అని కూడా ఉంటారు.

మన జిల్లాల చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోండి. 1836లో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ పెద్ద చదువుల దొరలు కారు, ఒకాయన రాతిపని చేసేవాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. పాలకొల్లు, నరసాపురం కేంద్రాలుగా పని చేశారు. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టిస్తున్నప్పుడు అక్కడ చేరిన కూలి జనం మధ్యకి వెళ్లి సువార్త చెప్పారు. ఈ డెల్టాలో మొదట వాక్యం విన్నవాళ్లలో మట్టి తట్టలు మోసిన మనుషులున్నారు. ఇవాళ ఆ కాలవ నీళ్లతోనే మీ దాళ్వా పండుతోంది. అలాంటి చోట కూలీ ఆపి గోడ కట్టడం బాగుండదండి.

అలాగని గోడ మాట గాలికి వదిలెయ్యమనడం లేదు, ప్రసంగి 5:4 ఉంది, మొక్కుకున్నది చెల్లించాల్సిందే. అందరి ముందూ చెప్పారు కాబట్టి అందరి ముందూ లేచి, ధాన్యం డబ్బు రాలేదు, గడువు కావాలి అని చెప్పండి. సిగ్గుగా ఉంటుంది. పాతికవేలు ఇవ్వడం కంటే అదే కష్టం మీకు, నాకు తెలుసు.

ప్రశ్న: మా సంఘంలో జనవరి నెలలో 21 రోజులు సాయంకాలం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. మా అత్తయ్యకి షుగరు, ఆ టైముకే ఇన్సులిన్ ఇచ్చి అన్నం పెట్టాలి, ఆవిడకి కళ్లు కనబడవు. నేను నాలుగు రోజులే వెళ్లగలిగాను. విశ్వాసంలో చల్లారిపోయావు అంటున్నారు. — అమలాపురం సోదరి

జవాబు: మీరు చల్లారలేదు చెల్లెమ్మా. దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి అమ్మానాన్నలకి పెట్టడం ఎగ్గొట్టిన వాళ్లని యేసుప్రభువు ఎంత గట్టిగా మందలించాడో మార్కు 7లో ఉంది, ఆ పేజీ తీసి, చల్లారిపోయావు అన్నవాళ్లకి ఇవ్వండి. ఇన్సులిన్ వేళకి ఇవ్వండి, వేళకి అన్నం పెట్టండి. మీ స్త్రీల కూడిక వాళ్లని ఒక సాయంత్రం మీ ఇంట్లోనే పెట్టుకోమని అడగండి, అత్తయ్యగారు కూడా నాలుగు పాటలు వింటారు. ఒప్పుకోకపోతే, ఎవరు చల్లారారో తెలిసిపోతుంది.

ప్రశ్న: క్రిస్మస్‌కి మేము పక్కింటి వాళ్లకి కేకు ఇచ్చాం. సంక్రాంతికి వాళ్లు అరిసెలు, పొంగలి పంపారు. తినచ్చా? మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి, ఆయ్! — రాజోలు

జవాబు: 1 కొరింథీయులకు 10:25 నుంచి 29 వరకు పౌలు దాదాపు ఇదే ప్రశ్నకి జవాబిచ్చాడు. పెట్టింది ఆరాలు తియ్యకుండా తినండి. ఇది నైవేద్యం పెట్టిందండీ అని వాళ్లే చెబితే, ఆ చెప్పినవాళ్ల కోసం, మనస్సాక్షి కోసం మర్యాదగా వద్దనండి. అరిసెలు పట్టుకుని వాకిట్లో నిలబడ్డ పక్కింటి పిన్నిగారికి క్రాస్ ఎగ్జామినేషన్ పెట్టకండి. మీ ఇంట్లో రెండో పార్టీ వాళ్ల మనసుకి ఒప్పకపోతే వాళ్లని బలవంతం చెయ్యకండి, తినేవాళ్లకి ఇంకో నాలుగు మిగులుతాయి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ స్టూడెంట్‌నండి, భీమవరం దగ్గర. నాన్నగారు ఇచ్చిన ఫీజు డబ్బుల్లో పద్దెనిమిది వేలు పండగ మూడు రోజుల్లో కోడి పందేల్లో, గుండాట జూదంలో పోగొట్టాను. తర్వాతి ఆదివారం మందిరంలో ప్రభువు బల్ల కూడా తీసుకున్నాను, అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను. నాన్నగారికి చెప్పాలా? కొడతారేమో. ఫ్రెండ్ లోన్ యాప్‌లో తీసుకోమంటున్నాడు. ఉపవాసం ఉండి ప్రార్థిస్తే దేవుడు వేరే దారి చూపిస్తాడా?

జవాబు: బాబూ, దారి నీకు కనబడుతూనే ఉంది, అది మీ నాన్నగారి దగ్గరికి వెళ్తోంది కాబట్టి వేరేది అడుగుతున్నావు. తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర కూర్చుని ఏ మాట సిద్ధం చేసుకున్నాడో లూకా 15:18లో చూడు. పరలోకానికి విరోధంగానూ నీ ఎదుటా పాపం చేశాను అన్నాడు. రెండూ ఉన్నాయి. నువ్వు మొదటి సగం చెప్పి రెండో సగం మింగేశావు, నిద్ర పట్టకపోవడం మంచిదే.

లోన్ యాప్ జోలికి వెళ్లకు. వాళ్లు నీ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీస్తారు, అప్పుడు మీ నాన్నగారికి వేరేవాళ్ల నోటి నుంచి తెలుస్తుంది. పందేలంటే మన దగ్గర సరదా, సంప్రదాయం అంటారు గానీ 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అది నేరమే, ఎవరెవరు కుర్చీలేసుకుని చూసినా సరే. కత్తి కట్టిన కోడి మీద డబ్బు కాయడం క్రైస్తవుడికి తగదని నీకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ ఉత్తరం రాసినప్పుడే నీకు తెలుసు.

ఈ శనివారం ఇంటికి వెళ్లు. అమ్మ చేత చెప్పించకు, నువ్వే చెప్పు, ఎంత పోయిందో పూర్తి అంకె చెప్పు, పదివేలని తగ్గించి చెప్పాలనిపిస్తుంది, తగ్గించకు. మాఘమాసం ముహూర్తాలు మొదలవుతున్నాయి, కేటరింగ్ వాళ్లకి కుర్రాళ్లు కావాలి. క్లాసులు లేని రోజుల్లో వడ్డనకి వెళ్లి ఆ డబ్బు ఆయన చేతికే ఇస్తానని చెప్పి, మొదటి పెళ్లి నుంచే ఇవ్వు. నాన్న కొడతారేమోనని రాశావు. కొట్టచ్చు, కొట్టకపోవచ్చు, అది నీ చేతిలో లేదు. వెళ్లే ముందు కాలేజీ ఆఫీసులో ఫీజు కట్టడానికి ఆఖరి తారీకు ఎప్పుడో, ఫైన్ ఎంతో కనుక్కుని వెళ్లు. ఆయన మొదట అడిగేది అదే.