నేర్పిన కుర్రాళ్ళు వెళ్ళిపోతుంటే...

ప్రశ్న: మన ప్రాంతం వంటల్ని నాణ్యంగా, ప్లేటులో అందంగా పెట్టి ఇవ్వాలని రెస్టారెంటు నడుపుతున్నాం. కుర్రాళ్ళు చేయి తిరిగేసరికి విశాఖ హోటళ్ళకి వెళ్ళిపోతున్నారు. వంట మాస్టారు రాని రోజు పనసపొట్టు ఆవకూర రుచే మారిపోతోంది. ఎలా నేర్పాలి?
– ఒక యజమాని, శ్రీకాకుళం

జవాబు: వెళ్ళేవాళ్ళని ఎంతకని ఆపుతారండీ! వాళ్ళతోపాటు రుచి వెళ్ళిపోకుండా చూసుకోండి. మీ మాస్టారు వేసే 'చారెడు' ఎంతో ఆయన చేతికే తెలుసు. ఆయన వండుతున్నప్పుడు పక్కన కాటా పెట్టి ప్రతిదీ తూచి రాయించండి. అరకిలో పొట్టుకి 10 గ్రాముల ఆవాలు, రెండు ఎండుమిర్చితో మొదలెట్టి ఆయన రుచికి సరిచేసుకోవచ్చు.

కొలతతో పాటు కారణమూ చెప్పాలి. ఆవాల్ని నూరి, నీళ్ళు తగిలాకే ఘాటు పుడుతుంది. చన్నీళ్ళతో నూరి పది నిమిషాలు ఉంచితే ముక్కుకెక్కుతుంది. పొయ్యి మీద కలిపితే ఆ ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. ఇది మాటలతో ఒంటబట్టదు. ఒకే కూరని మూడు గిన్నెల్లోకి తీయండి. ఒకదాంట్లో పొయ్యి మీద ఉండగానే ఆవ కలపండి, ఇంకోదాంట్లో దించిన వెంటనే, మూడోదాంట్లో వేలు పెట్టి ఓర్చుకునేంత చల్లారాక. కుర్రాడి చేత వరసగా తినిపించి, దేంట్లో ఏం పోయిందో వాడి నోటే చెప్పించండి. ఉడికిన పొట్టుని గట్టిగా పిండకుండా చేసిన కూర కూడా కాస్త చూపించండి. ప్లేటులో కూర చుట్టూ పచ్చటి నీరు ఊరుతుంది, ఆవ పలచబడిపోతుంది. పొద్దున నూరిన ఆవముద్ద రాత్రి డిన్నరుకి నీరసపడిపోతుంది కాబట్టి సర్వీసుకి ముందే కొద్దికొద్దిగా నూరించాలి.

పనొచ్చిన ప్రతివాడి చేతా కిందివాడికి ఒక వంటకం నేర్పించండి. తనకి రానిదేమిటో నేర్పేటప్పుడే తెలుస్తుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాం. తప్పుకి అందరి ముందూ తిట్టే వంటింట్లో కుర్రాళ్ళు తప్పుని దాచేస్తారు. పలాస జీడిపప్పు ముద్ద పడిన గ్రేవీ ఇట్టే అడుగంటుతుంది. భయపడి అడుగు గీకి కలిపేశాడా, గిన్నె మొత్తం మాడు వాసన. "అడుగంటింది మాస్టారూ" అని వెంటనే చెప్పగలిగితే, కదపకుండా పైది వేరే గిన్నెలోకి వంపేసి కాపాడుకోవచ్చు.

ప్రశ్న: పెద్ద హోటల్లో కమీగా, అంటే వంటింట్లో అందరికంటే కింది వంటవాడిగా చేరి ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ ఉల్లిపాయలే కోయిస్తున్నారు. నడుం నొప్పి కూడా మొదలైంది. ఈ వృత్తిలో నిలవగలనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఉల్లి కోయడమూ నేర్చుకోవాల్సిన పనేనండీ. బిర్యానీ మీద చల్లే వేపుడు ఉల్లిని గమనించండి. ముక్కలన్నీ సుమారు 2 మిల్లీమీటర్ల మందంలో ఉంటేనే ఒకేసారి వేగుతాయి. లేకపోతే సన్నవి మాడి చేదెక్కేసరికి లావువి ఇంకా మెత్తగానే ఉంటాయి. కావలసిన రంగుకి కాస్త ముందే నూనెలోంచి తీయాలి, ఆ వేడికి బయట కూడా రంగు ముదురుతుంది. కోయడంతో పాటు వేయించడమూ ఇప్పించమని షెఫ్ గారిని అడగండి. ఆ తర్వాత తందూర్, గ్రేవీ సెక్షన్లు అడగవచ్చు.

నడుం సంగతికి వస్తే, కోసే బల్ల మోచేతికంటే కొంచెం కిందుండాలి. మరీ కిందుంటే కటింగ్ బోర్డు కింద ఇంకో బోర్డు వేసి, జారకుండా తడిగుడ్డ పరవండి. పాతిక కిలోల బస్తాని ఒక్కరే ఎత్తొద్దు. నొప్పి కాలికి పాకినా, తిమ్మిరెక్కినా ఆగకుండా డాక్టరుకి చూపించుకోండి.