మాట పడిపోయాక మిగిలిన పద్యం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. "మెదడు గురించి తెలుగులో రాయాలనుంది మాస్టారూ, నాకు చేతనవుతుందా?" అని అడిగావు. చేతనవుతుంది. మీ నాయనమ్మ పెరట్లో చీకట్లో తాడు చూసి పామనుకుని వెనక్కి దూకిన సంగతి మూడో పేరాలో రాశావు చూడు, "ముందు దూకాను, ఆ తర్వాతే భయమేసింది" అని ఆవిడ అన్న మాటతో సహా. అక్కడ ఆగి, ఈ పిల్లకు చూపు ఉంది అనుకున్నాను.

కానీ ఆ వెంటనే "అమిగ్డలా అనేది మెదడులో భయాన్ని ఆన్ చేసే స్విచ్" అని రాసి, నాయనమ్మను పెరట్లోనే వదిలేసి వెళ్లిపోయావు. మళ్లీ ఆవిడ కనబడలేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఆ వాక్యం గురించే.

ఆ స్విచ్ సంగతి చూద్దాం. అమిగ్డలా అంటే మెదడు లోతున కుడివైపొకటి, ఎడమవైపొకటి ఉండే చిన్న భాగం. అమెరికాలో ఒకావిడ మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. పత్రాల్లో పేరు రాయరు, ఎస్.ఎం. అని రెండక్షరాలే. అరుదైన జన్యుజబ్బు వల్ల ఆవిడకు రెండువైపులా అమిగ్డలా దెబ్బతింది. పాముల్ని అమ్మే దుకాణానికి తీసుకెళ్తే జంకకపోగా వాటిని చేతిలోకి తీసుకుంది. దయ్యాల కొంపలా కట్టిన ప్రదర్శనకు తీసుకెళ్తే అందరికంటే ముందు నడిచింది. ఇక్కడ ఆగితే నీ వాక్యం నిజమే. అయితే 2013లో ఆవిడ చేతా, అదే జబ్బున్న కవల అక్కచెల్లెళ్ల చేతా, 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి పీల్పించారు. ముగ్గురూ హడలిపోయారు. అమిగ్డలా లేకపోయినా భయం వచ్చింది. కంటికీ చెవికీ తగిలే ప్రమాదం ఒక దారిన వస్తుందనీ, ఊపిరి ఆడకపోవడం లాంటి ఒంటిలోపలి ప్రమాదానికి ఇంకో దారి ఉందనీ అప్పుడు తేలింది. నీ పాఠకుడికి ఈ రెండో సగం చెప్పకపోతే, మొదటి సగం చెప్పి కూడా మోసం చేసినట్టే.

నేనూ అలాంటి సగమే రాశాను ఒకప్పుడు. అది చెప్తాను.

మా పెద్దమామయ్య ఊళ్లో నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట పడిపోయింది. మంచినీళ్లు కావాలంటే చెంబు వైపు చూసి "అ... అదీ" అనేవారు. అంతకుమించి రాకపోతే కళ్లనీళ్లు పెట్టుకునేవారు. నాలుగు పుస్తకాలు చదివిన ధైర్యంతో నేను పత్రికకు వ్యాసం రాశాను. మెదడు ఎడమ సగం ఒంటి కుడి సగాన్ని నడుపుతుంది, చాలామందిలో మాట పనులు కూడా ఎక్కువగా ఎడమవైపే జరుగుతాయి, అందుకే కుడివైపు పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా పోతుంది అని వివరించాను. అంతవరకూ సరే. చివర్లో "మా మామయ్య మెదడులో భాష చచ్చిపోయింది" అని రాశాను. అచ్చయ్యాక పత్రిక పట్టుకెళ్లి అత్తయ్యకు చదివి వినిపించాను. అంతా విని ఆవిడ ఒక్కటే అడిగింది: "మరి పొద్దున్నే పద్యం ఎలా పాడుతున్నార్రా?"

నాకు తెలీదు. నేను వెళ్లేది సాయంత్రాలు, ఓ అరగంట కూర్చుని వచ్చేసేవాణ్ణి. మర్నాడు చీకటితోనే వెళ్లి గుమ్మం బయట కూర్చున్నాను. "నీళ్లు" అనలేని మనిషి, ఎడమచేత్తో మంచంపట్టె మీద తాళం వేసుకుంటూ, రాయబారం పద్యం నాలుగు పాదాలూ అక్షరం జారకుండా, రాగంతో పాడారు. అయిపోగానే అత్తయ్య "కాఫీ ఇవ్వనా?" అంటే మళ్లీ "అ... అదీ".

ఇది మామయ్యకే జరిగిన వింత కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. మాట పోయినవాళ్లలో కొందరు పాటలూ, వారాల పేర్లూ, ఒకటి రెండు మూడు అంటూ అంకెలూ, తిట్లూ గడగడా అనగలరు. అప్పటికప్పుడు కూర్చుకోవాల్సిన వాక్యం వేరు, ఏళ్ల తరబడి నోట నానిన పాదం వేరు. మెదడు ఆ రెంటినీ ఒకే చోట ఉంచదు. దీని ఆధారంగానే 1970లలో బోస్టన్‌లో, రోగి చేత చేత్తో తాళం వేయిస్తూ చిన్నచిన్న మాటల్ని రాగంలో పలికించే చికిత్స మొదలుపెట్టారు. అందులో పనిచేసేది రాగమా, లయా, కంఠస్థమా అన్న వాదన ఇంకా తెగలేదు. తెగలేదని రాయడానికి సిగ్గుపడకు.

"బ్రోకా ప్రాంతమే మాటకు మూలం" అని నువ్వు రాసినచోట కూడా గీత పెట్టాను. 1861లో పారిస్ దగ్గర బిసెట్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి చనిపోయాడు. ఇరవయ్యేళ్లకు పైగా అతని నోట "టాన్" అన్న ఒక్క శబ్దమే. కోపం ముంచుకొస్తే మాత్రం తిట్టు ఒకటి బయటికొచ్చేది. డాక్టర్ పాల్ బ్రోకా అతని మెదడు తీసి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బను చూపించాడు. ఆ చోటుకే ఆయన పేరు వచ్చింది. ఆ మెదడును కొయ్యకుండా దాచిపెట్టడం మన అదృష్టం. 2007లో దాన్ని ఎమ్మారై తీసి చూస్తే, దెబ్బ పైకి కనబడినదానికంటే చాలా లోతుగా, లోపలి నాడీతంతువుల దాకా పోయి ఉంది. దాదాపు నూటయాభై ఏళ్లు పుస్తకాలు ఒక చుక్క పెట్టి చూపించినది చుక్క కాదు. బ్రోకా తప్పు చేశాడని కాదు. ఆయన చూడగలిగినంత చూసి రాశాడు. ఆ చుక్క దగ్గర ఆగిపోయింది తర్వాత రాసినవాళ్లే.

ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది ఫినియస్ గేజ్ కథతో. మెదడు గురించి రాసేవాళ్లంతా ఆ కథతోనే మొదలుపెడతారు, నువ్వూ పెట్టావు. 1848 సెప్టెంబరు 13, వెర్మాంట్‌లో రైలు దారి కోసం బండలు పేలుస్తుండగా, మూడున్నర అడుగుల పైచిలుకు పొడవు, ఆరు కిలోల బరువు ఉన్న ఇనుప కడ్డీ ఇరవయ్యైదేళ్ల గేజ్ ఎడమ చెంపలో దిగి నడినెత్తిలోంచి బయటికొచ్చింది. బతికాడు. ఆ తర్వాత నువ్వు రాసింది: "మంచివాడు కాస్తా మృగంలా మారి, దేశదిమ్మరిగా తిరిగి చనిపోయాడు." వైద్యం చేసిన డాక్టర్ హార్లో అతని స్వభావం మారిందని రాసిన మాట నిజమే. మాట మీద నిలవడనీ, నోరు జారతాడనీ, స్నేహితులు "ఇతను గేజ్ కాదు" అన్నారనీ రాశాడు. కానీ అదే గేజ్ తర్వాత చిలీ వెళ్లి ఏళ్ల పాటు ఆరు గుర్రాల బండి తోలాడు. ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలి, వేళకు బయల్దేరాలి, ఆరు గుర్రాల పగ్గాలు పట్టుకోవాలి. తనను తాను అదుపు చేసుకోలేని మృగం చేసే పనేనా అది? దెబ్బ తిన్న మెదడు, రోజూ ఒకే తీరున సాగే పనిలో పడి, మళ్లీ కుదుటపడి ఉండవచ్చని ఆ పాత కాగితాలన్నీ తిరగేసినవాళ్లు అంటారు. 1860లో ఫిట్స్ వచ్చి చనిపోయాడు. ఆ చిలీ ఏళ్లను వదిలేసి కథ చెప్పడం గేజ్‌కే కాదు, తలకు దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ అన్యాయం. రోడ్డు ప్రమాదం తర్వాత కొడుకు మారిపోయాడని కుమిలిపోయే తల్లి నీ వ్యాసం చదువుతుంది. ఆవిడ ఆశ నీ వాక్యం చివర ఉన్న చుక్క మీద ఆధారపడి ఉంటుంది.

అంకెల సంగతి చప్పున చెప్పేస్తాను. మెదడులో పది శాతమే వాడతామన్న మాట కొట్టెయ్యి, అది అబద్ధం. న్యూరాన్లు "పదివేల కోట్లు" అని రాశావు. అది పాత అంచనా. 2009లో బ్రెజిల్ శాస్త్రజ్ఞురాలు సుజానా హెర్కులానో హౌజెల్ బృందం మెదడు కణజాలాన్ని ద్రవంలా చేసి, అందులో కణకేంద్రకాల్ని లెక్కపెట్టి, సుమారు 8,600 కోట్లని తేల్చింది.

ఇక భాష. "మస్తిష్కం" తీసెయ్యి, మెదడు చాలు. "న్యూరాన్" ఉంచు, ఇప్పుడు పిల్లలందరికీ తెలుసు. ఒక్క "నరం" దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. సూది వేసే నర్సమ్మ "నరం దొరకడం లేదు" అంటుంది, ఆవిడ వెతికేది రక్తనాళం. "నరాల డాక్టరు" చూసేది ఇంకోటి. నువ్వు "నరాల గుండా సంకేతాలు వెళ్తాయి" అని రాస్తే, మోచేతి మీద పచ్చగా తేలే గీతల్ని ఊహించుకునే పాఠకులు బోలెడుమంది. మొదటిసారి రాసినప్పుడే విడదీసి చెప్పు: ఇది రక్తం పారేది కాదు, కబురు మోసేది అని.

మన మాటలు అడ్డమే కాదు, ఒక్కోసారి చేతికి దీపం కూడా ఇస్తాయి. ఇంద్రియాల గురించి నువ్వు రాసిన భాగం పొడిగా ఉంది. కంటిలో రెటీనా, చెవిలో కాక్లియా అంటూ పాఠ్యపుస్తకం వరసలో పోయింది. నేనైతే గుంటూరు మిరపకాయతో మొదలుపెడతాను. ఉగాది పచ్చడిలో కారాన్ని ఒక రుచిగా లెక్కపెడతాం. కానీ నాలుక మీది రుచి మొగ్గలకు కారం అంటే ఏమిటో తెలియదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు చారులోనూ పుట్టగొడుగుల్లోనూ ఉండే ఉమామి, ఇవే వాటికి తెలిసినవి. మిరపలోని కాప్సైసిన్ వెళ్లి తట్టేది నొప్పిని మోసే నాడుల మీదున్న ఒక తలుపుని. దాని పేరు టీఆర్‌పీవీ1. డేవిడ్ జూలియస్ బృందం 1997లో పట్టుకుంది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తలుపు వేడికి కూడా తెరుచుకుంటుంది, సుమారు 43 డిగ్రీలు దాటితే. అంటే మిరపకాయ కొరికినప్పుడు మెదడుకు అందే కబురు "కాలుతోంది" అనే. ముఖం చెమట పట్టేది అందుకే, ఒళ్లు చల్లబరుచుకునే ప్రయత్నం అది. "నోరు మండిపోతోంది" అని మనం అనేది పోలిక కాదమ్మా, నాడి పంపిన కబురును ఉన్నదున్నట్టు చదవడం. పక్షుల్లో అదే తలుపు కాప్సైసిన్‌కు తెరుచుకోదు, అందుకే చిలక పండుమిరపను జామపండులా తింటుంది. అదే కాయ, రెండు లోకాలు! ఇంద్రియం మనకు లోకాన్ని అద్దంలా చూపించదు, ఆ జీవికి ఏ తలుపులున్నాయో వాటిలోంచే చూపిస్తుంది అని చెప్పడానికి నీకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏం కావాలి? వంటింట్లోనే ఉంది.

ఇప్పుడు నాయనమ్మ దగ్గరికి వెళ్లు. ఈసారి నోటుపుస్తకం పట్టుకెళ్లు. పెరట్లోకి వచ్చేముందు లైటున్న గదిలో కూర్చుందా అని అడుగు, ఎందుకంటే కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. తాడు ఎదురుగా కనబడిందా, కంటి చివర కనబడిందా? మసక చీకట్లో పనిచేసే కణాలు మన చూపు మధ్యబిందువులో ఉండవు, కాస్త పక్కనుంటాయి. తాడని తెలిశాక గుండెదడ వెంటనే ఆగిందా, కాసేపు కొట్టుకుంటూనే ఉందా? అంతకుముందు ఎప్పుడైనా ఆ పెరట్లో నిజం పాము కనబడిందా? ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకో, నీ మాటల్లోకి మార్చకు. ఆ తర్వాతే పుస్తకం తెరువు. ఆవిడ జవాబుకీ పుస్తకానికీ పొత్తు కుదరకపోతే, కుదరనిచోటే వ్యాసం మొదలుపెట్టు.

మా మామయ్య ఆ తర్వాత నాలుగేళ్లు బతికారు. అత్తయ్య ఆయన చేత రోజూ పద్యం పాడిస్తూ, పాదం మధ్యలో తాను ఆపేసేది, తర్వాతి మాట ఆయన అందుకునేవారు. ఆ నాలుగేళ్ల గురించి నేను ఒక్క అక్షరం రాయలేదు, తప్పు అచ్చయిపోయిందని ముఖం చాటేశాను. అడిగి రాసుకుందామంటే ఇప్పుడు అత్తయ్య కూడా లేదు.

కాగితం అంచున గీతలు పెట్టి వ్యాసం వెనక్కి పంపుతున్నాను. మూడో పేరా మాత్రం ముట్టుకోలేదు, నువ్వూ ముట్టుకోకు. తిరగరాసేటప్పుడు కాగితానికి ఒకవైపే రాయి, వరసల మధ్య చోటు వదులు. నాయనమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు